గ్లాస్: ఒక మెరుపుకు పెట్టిన పేరు

కిటికీకి బిగించే మామూలు అద్దాన్ని ఎదురుగా నిలబడి చూస్తే దానికి రంగంటూ ఏమీ ఉన్నట్టు తోచదు. అదే అద్దాన్ని చట్రంలోంచి తీసి, పక్కకు తిప్పి, కోసిన అంచును చూస్తే నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ స్పష్టంగా కనబడుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల మందంలో కంటికి ఆనని రంగు, అద్దం వెడల్పు పొడుగునా ప్రయాణించి వచ్చిన వెలుతురులో చిక్కబడి బయటపడుతుంది. ఇసుకతో పాటు గాజులోకి చేరే ఇనుము దీనికి కారణం; ఆ ఇనుము ఎరుపు వైపు కాంతిని కొంత పీల్చుకుంటుంది కనుక మిగిలిన కాంతి పచ్చగా కనబడుతుంది. ప్రాచీన కాలపు గాజులో ఈ ఇనుము ఇంకా ఎక్కువగా ఉండేది కనుక, ప్రత్యేకంగా రంగు వేయని గాజంటే అప్పటివారికి నీలిపచ్చ పదార్థమే. ఆ పదార్థానికి ఐరోపా భాషల్లో స్థిరపడిన పేర్లను తవ్వుకుంటూ పోతే అడుగున దొరికేది కూడా దాదాపు ఇదే: ఒక రంగు, ఒక మెరుపు.

ఇంగ్లీషు ‘గ్లాస్’ను పాత ఇంగ్లీషులోనూ దాదాపు అలాగే, లోపలి అచ్చు మాత్రం కొంచెం తేడాగా పలికేవారు. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లోనూ ఇదే మాట ఉంది. పాత నార్స్ భాషలో ఇది ‘గ్లెర్’ అయింది. ఈ జర్మానిక్ మాటలన్నింటికీ వెనుక ‘ఘెల్’ అనే ఇండో-యూరోపియన్ (సంస్కృతానికీ చాలా ఐరోపా భాషలకూ ఉమ్మడి మూలమైన భాష) ధాతువు ఉన్నదని భాషావేత్తల్లో అత్యధికులు అంగీకరిస్తారు. మెరవడం, ప్రకాశించడం దాని అర్థం. పసుపు, ఆకుపచ్చ, బంగారు వన్నెలను చెప్పే మాటలు ఎన్నో ఈ ధాతువు చుట్టూ అల్లుకున్నాయి. ఇంగ్లీషులో బంగారాన్ని చెప్పే ‘గోల్డ్’, పసుపును చెప్పే ‘ఎల్లో’ ఈ కుటుంబంలోవే. మనకు మరింత దగ్గరి బంధువులు సంస్కృతంలో ఉన్నారు: ‘హరిత’లోని పచ్చదనాన్నీ, ‘హిరణ్యం’లోని బంగారాన్నీ ఇదే మూలానికి చేరుస్తారు. అంటే ‘గ్లాస్’ అనే మాటకు మొదట ఒక పదార్థంతో సంబంధం లేదు. మెరిసేది ఏదైనా ఆ పేరుకు తగినదే.

తగినదే అనడానికి రాతపూర్వకమైన సాక్ష్యం కూడా ఉంది. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మానిక్ తెగల గురించి రాస్తూ, బాల్టిక్ సముద్ర తీరంలోని ఏస్తీ అనే జనం ఆంబర్‌ను ఏరుకుంటారనీ, దాన్ని వారు ‘గ్లేసమ్’ అంటారనీ పేర్కొన్నాడు. ఆంబర్ అంటే చెట్టు నుంచి కారిన జిగురు లక్షల, కోట్ల సంవత్సరాలు నేలలో పడి ఉండి గట్టిపడిన పదార్థం. మన పాత నిఘంటువులు దీన్ని ‘తృణగ్రాహి’ అన్నాయి, రుద్దితే గడ్డిపోచలను ఆకర్షిస్తుంది కనుక. టాసిటస్ కన్నా కొన్నేళ్ళ ముందే రోమన్ రచయిత ప్లినీ కూడా ఇదే మాటను నమోదు చేశాడు. రోమన్ సేనాని జర్మానికస్ నౌకాదళంతో ఉత్తర సముద్రంలో తిరిగిన రోమన్ సైనికులు, ఆంబర్ దొరికే ఒక దీవికి ఈ మాటను బట్టే ‘గ్లేసారియా’ అని పేరు పెట్టుకున్నారట. తేనె రంగులో, వెలుతురును లోపలికి రానిచ్చి నిలుపుకొనే ఆ ముద్దను పిలిచిన పేరే, దక్షిణాది నుంచి పూసలుగా, పాత్రలుగా వచ్చిన కొత్త పదార్థానికీ అతుక్కుంది. చూడటానికి రెండూ ఒక్కలాగే వెలుగుతాయి కనుక జనం కొత్త మాట వెతుక్కోలేదు. ఈ ఆంబర్‌ను పాఠకులు గుర్తుంచుకోవాలని నా మనవి. దీనితో చివర్లో మళ్ళీ పని ఉంది.

లాటిన్‌లో గాజుకు మాట ‘విట్రమ్’. ఫ్రెంచి ‘వేర్’, ఇటాలియన్ ‘వెత్రో’, స్పానిష్ ‘విద్రియో’ దీని సంతానమే. ప్రయోగశాలలో శరీరం వెలుపల చేసే ప్రయోగాలను ‘ఇన్ విట్రో’ అంటారు. ‘గాజులో’ అని దాని అర్థం. కానీ ‘విట్రమ్’కు లాటిన్‌లో మరో అర్థం కూడా ఉంది. జూలియస్ సీజర్ తన యుద్ధ వృత్తాంతంలో బ్రిటన్ జనం ఒంటికి ‘విట్రమ్’ పూసుకుని నీలంగా కనబడతారని రాశాడు. అది గాజు కాదు, వోడ్ అనే మొక్క ఆకుల నుంచి తీసే నీలి రంగు. మన నీలిమందులో ఉండే అణువే అందులోనూ ఉంటుంది. ఇక ప్లినీ అదే మొక్కను గాల్ దేశంలో ‘గ్లాస్టమ్’ అంటారని చెబుతాడు. వెల్ష్ భాషలో నీలానికీ, ఐరిష్‌లో పచ్చకూ బూడిద వన్నెకూ నేటికీ ‘గ్లాస్’ అనే మాటే ఉంది. సంబంధం లేదనిపించే రెండు భాషా శాఖలలో, ఒక నీలిరంగు మొక్క పేరూ గాజు పేరూ పక్కపక్కనే నిలబడటం నాకు ఎంతో అందమైన విషయంగా తోస్తుంది. దాన్ని యాదృచ్ఛికమని కొట్టివేసే ముందు కిటికీ అద్దం అంచును ఒకసారి చూడమని అంటాను.

గాజు ఐరోపాలో పుట్టలేదు. పశ్చిమాసియా, ఈజిప్టు ప్రాంతాలు దాని పుట్టిళ్ళు. అక్కడి పేర్లు మరో కథ చెబుతాయి. మెసొపొటేమియాలోని అక్కాడియన్ భాషలో నీలాకాశం వంటి రంగున్న లాపిస్ లాజులి రాయిని ‘ఉక్నూ’ అనేవారు. సుదూరం నుంచి వచ్చే ఆ విలువైన రాయిని ‘కొండ ఉక్నూ’ అనీ, ఇసుకనూ మొక్కల బూడిదనూ కరిగించి దానికి పోలికగా చేసిన గాజును ‘కొలిమి ఉక్నూ’ అనీ పిలిచారు. నినెవేలోని అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికిన, క్రీ.పూ. 7వ శతాబ్దపు మట్టి పలకల మీద గాజు తయారీ విధానాలు ఇటువంటి పేర్లతోనే రాసి ఉన్నాయి. మొదటి గాజు పారదర్శకం కావాలనుకోలేదు. నీలపు రాయిగా చెలామణి కావాలనుకుంది. టర్కీ తీరంలో ఉలుబురున్ వద్ద సముద్రగర్భంలో బయటపడిన, క్రీ.పూ. 1300 ప్రాంతపు ఓడలో సుమారు 175 ముడి గాజు దిమ్మలు దొరికాయి. వాటిలో ముదురు నీలం, ఆకాశనీలం రంగులవి ప్రధానం. గ్రీకు ‘క్యానోస్’ కూడా ఈ నీలిరాయికీ, దాని గాజు నకలుకూ కలిపి వాడిన మాటే. అచ్చు యంత్రాల సిరాలో నేడు వినబడే ‘సయాన్’ రంగు పేరు దాని నుంచే వచ్చింది.

మన ‘గాజు’ సంస్కృత ‘కాచ’ శబ్దం నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ‘కాచ’ చాలా పాత మాట. శతపథ బ్రాహ్మణంలో అశ్వమేధాశ్వం జూలుకు కూర్చే పూసల ప్రస్తావనలో కనబడుతుంది. తర్వాతి సంస్కృత సూక్తుల్లో కాచానికి ఎప్పుడూ మణితోనే పోటీ, ఆ పోటీలో ఎప్పుడూ ఓటమే: కాచం కాచమే, మణి మణే. అక్కాడియన్‌లో కొలిమి రాయికి కొండ రాయి ఎదుట ఉన్న స్థానమే ఇక్కడా దానికి దక్కింది. ఆయుర్వేదంలో చూపును మసకబార్చే ఒక నేత్రరోగానికి కూడా ‘కాచం’ అని పేరుంది. కంటి లోపలి జెల్లీ వంటి భాగాన్ని మన పాఠ్యపుస్తకాలు ‘కాచావత్’ అంటాయి, అంటే గాజు వంటిదని. ఐరోపా శరీరశాస్త్రజ్ఞులూ దానికి ‘విట్రమ్’ నుంచే పేరు పెట్టారు. గాజుకు గ్రీకు మాట ‘హ్యాలోస్’. 1934లో ఆవు కంటిలోని ఆ భాగం నుంచి కార్ల్ మేయర్, జాన్ పామర్ ఒక కొత్త పదార్థాన్ని వేరుచేసి, దానికి ఆ గ్రీకు మాటతో ‘హయాలురోనిక్’ ఆమ్లమని పేరు పెట్టారు. చర్మానికి పూసుకునే లేపనాల డబ్బాల మీద ఈ పేరు చదివేవారికి అందులో గాజు దాగి ఉన్నదని తట్టకపోవచ్చు.

సాధారణంగా పదార్థం పేరు వస్తువుకు పాకుతుంది. ఇంగ్లీషులో 13వ శతాబ్దం నాటికే ‘గ్లాస్’ అంటే తాగే పాత్ర అనే అర్థం వచ్చింది. స్లావిక్ భాషల్లో దీనికి తలకిందులుగా జరిగింది. గోథిక్ భాషలో ‘స్టిక్ల్స్’ అంటే తాగే పాత్ర; స్లావులు ఆ మాటను తీసుకున్నాక అది పాత్రను వదిలి పదార్థానికి పేరైంది. రష్యన్‌లో గాజును ‘స్తెక్లో’ అనడం అందువల్లనే. ఒకచోట గాజు గిన్నెగా మారింది, ఇంకొకచోట గిన్నె గాజుగా మారింది.

పాత్ర దగ్గర ‘గ్లాస్’ ఆగలేదు. గాజుతో చేసిన ప్రతి కొత్త పరికరమూ ఆ పేరును తనకు ఇమ్మని అడిగినట్టే, ఇంగ్లీషు వారు ఇస్తూ పోయారు. ముఖం చూసుకునేది గ్లాస్, దూరదర్శిని గ్లాస్, కళ్ళకు పెట్టుకునేవి గ్లాసులు. ఓడల్లో అరగంటకొకసారి తిరగేసే ఇసుక గడియారం కూడా గ్లాసే కనుక, నావికులు కాలాన్ని గ్లాసుల్లో లెక్కపెట్టారు. గాలి ఒత్తిడిని కొలిచే పాదరసపు గొట్టమూ గ్లాసే. ‘గ్లాస్ పడిపోతోంది’ అని నావికుడు అంటే ఏదో పగలబోతోందని కాదు, తుఫాను రాబోతోందని.

ఇన్ని అర్థాలు ఒకే మాటలో పోగుపడితే పాత వాక్యాలు తప్పుదారి పట్టించడం సహజం. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ఇప్పుడు మనం ‘గ్లాస్’ గుండా మసకగా చూస్తున్నామనే ప్రసిద్ధ వాక్యం ఉంది. నేటి పాఠకుడి మనసులో మురికిపట్టిన కిటికీ మెదులుతుంది. గ్రీకు మూలంలోని ‘ఎసోప్ట్రాన్’ మాత్రం ముఖం చూసుకునే అద్దం. ఆ కాలపు అద్దాలు ఎక్కువగా మెరుగుపెట్టిన లోహపు పలకలు. అందులోనూ కొరింథు నగరం కంచు పనికి పేరుపడ్డది. కనుక ఆ వాక్యంలో కిటికీ లేదు, బహుశా గాజు కూడా లేదు. లోహపు పలకలో అస్పష్టంగా కనబడే మన ముఖం మాత్రమే ఉంది. తెలుగు బైబిలులో ‘అద్దములో చూచినట్టు’ అని ఉంటుంది. ఇక్కడ తెలుగు అనువాదం మూలానికి చక్కగా దగ్గరగా నిలిచిందంటే అందుకు ‘అద్దం’ అనే మాట పుట్టుకే కారణం.

‘అద్దం’ సంస్కృత ‘ఆదర్శ’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. ‘దర్శనం’లో ఉన్న ధాతువే దానిలోనూ ఉంది. చూపేది అద్దం. ‘ఆదర్శం’ అని మనం గంభీరంగా పలికే మాటా, గోడకు తగిలించే అద్దమూ ఒకే తల్లి బిడ్డలు: ఒకటి మనం ఎలా ఉన్నామో చూపుతుంది, ఇంకొకటి ఎలా ఉండాలో చూపుతుంది. ఇంగ్లీషువారు గాజు నుంచి బయలుదేరి ముఖం చూసుకునే వస్తువుకు చేరితే, మనం ముఖం చూసుకునే వస్తువు నుంచి బయలుదేరి, గాజు పలకలు వచ్చాక ‘కిటికీ అద్దం’, ‘కళ్ళద్దాలు’ అంటూ గాజు వైపు నడిచాం. అందుకే తెలుగులో ఒకే పదార్థానికి పని పంచుకున్న మాటలు నాలుగున్నాయి: పదార్థం గాజు, పలక అద్దం, తాగేది గ్లాసు, మూతిగలది ఫార్సీ నుంచి వచ్చిన సీసా. వీటిలో ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న ‘గ్లాసు’ గాజును పూర్తిగా మరిచిపోయింది. ‘స్టీలు గ్లాసు’ అనే మాటలో ఎవరికీ వైరుధ్యం వినిపించదు.

వైరుధ్యం నిజంగా ఉన్న చోటు ఇంకొకటి ఉంది. గ్రీకులో ‘క్రిస్టాలోస్’ అంటే మంచుగడ్డ. కొండల్లో దొరికే తెల్లని స్ఫటికం, ఇక కరగలేనంతగా గడ్డకట్టిన నీరని ప్రాచీనులు నమ్మారు; ప్లినీ కూడా అలాగే రాశాడు. 15వ శతాబ్దంలో వెనిస్ దగ్గరి మురానో దీవిలో పచ్చదనం లేని తేట గాజును సాధించినప్పుడు దానికి ఆ స్ఫటికం పేరు మీద ‘క్రిస్టల్లో’ అని పేరు పెట్టారు. ఇనుము రంగును కప్పిపుచ్చడానికి వారు వాడిన మాంగనీసు ఖనిజానికి పైరోలుసైట్ అని పేరు. ‘నిప్పుతో కడిగేది’ అని ఆ గ్రీకు సమాసానికి అర్థం. 1670లలో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ సీసం కలిపి చేసిన ధగధగలాడే గాజుకు కూడా క్రిస్టల్ అనే పేరే వచ్చింది, నేటికీ అదే ఉంది. భౌతికశాస్త్రం ప్రకారం గాజుకు పెట్టగూడని పేరు ఏదైనా ఉంటే అది ఇదే.

స్ఫటికంలో పరమాణువులు ఒక క్రమానికి కట్టుబడి, ఒకే నమూనాను మళ్ళీ మళ్ళీ పరుచుకుంటూ పోతాయి. గాజులో ఆ క్రమం లేదు. పంచదారను కొద్ది నీటితో చిక్కటి పాకం పట్టి చల్లని రాతి మీద పలుచగా పోస్తే క్షణాల్లో పారదర్శకమైన, పెళుసైన రేకు తయారవుతుంది. అదే పాకాన్ని కలుపుతూ నెమ్మదిగా చల్లారనిస్తే తెల్లని గింజలు కడుతుంది. రెండింటిలోనూ ఉన్నది పంచదారే. గింజలు స్ఫటికాలు, రేకు గాజు. రేకులోని అణువులకు తమ చోటు వెతుక్కునే వ్యవధి దొరకలేదు. వెతుకుతుండగానే చుట్టూ ఉన్న ద్రవం కదలనివ్వనంత చిక్కబడిపోయింది. కరిగిన ఇసుక విషయంలోనూ జరిగేది ఇదే. శుద్ధమైన సిలికా సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ కరగదు. సోడా కలిపితే ఆ వేడి బాగా తగ్గుతుంది, సున్నం కలిపితే ఆ గాజు నీటికి కరగకుండా నిలుస్తుంది. కిటికీ గాజులో నూటికి 70కి పైగా సిలికా, మిగిలినది ప్రధానంగా ఈ రెండే. చల్లారుతూ సుమారు 550 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి దాని చిక్కదనం, నీటి చిక్కదనాన్ని 1 పక్కన 15 సున్నాలున్న సంఖ్యతో హెచ్చించినంత అవుతుంది. ఆ దశను గాజు పరివర్తన అంటారు. అక్కడ నీరు మంచు అయినట్టు ఒక్కసారిగా ఏదీ మారదు. ద్రవపు అస్తవ్యస్తత అలాగే ఉండి, కదలిక మాత్రం ఆగిపోతుంది.

గాజు నిజానికి ద్రవమేననీ, పాత చర్చి కిటికీల అద్దాలు అడుగున మందంగా ఉండటం అవి కిందికి జారాయనడానికి రుజువనీ ఒక మాట ప్రచారంలో ఉంది. ఈ అపోహను నేనూ చాలాకాలం నమ్మాను. కరిగిన గాజును గుండ్రంగా తిప్పి పలకలు చేసే ఆనాటి పద్ధతిలో మందం ఎక్కడికక్కడ మారేది. బిగించేవారు మందమైన వైపును తరచుగా కింద పెట్టేవారు, పైన మందంగా ఉన్న పలకలు కూడా ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎడ్గార్ జనాటో 1998లో లెక్కకట్టి, అటువంటి జారుడుకు విశ్వం వయసు కూడా ఏమాత్రం చాలదని చూపాడు. మధ్యయుగపు గాజు కూర్పుతో తర్వాత జరిగిన కొలతల ప్రకారం, వంద కోట్ల సంవత్సరాల్లో అది జారే దూరం మహా అయితే ఒక నానోమీటరు.

గాజంటే ఒక పదార్థం కాదు, ఒక స్థితి అని గ్రహించాక ఆ మాట హద్దులు చెరిగిపోయాయి. 1932లో భౌతికశాస్త్రవేత్త జకారియాసెన్ గాజు లోపలి క్రమరహితమైన అల్లికకు స్పష్టమైన చిత్రం ఇచ్చాడు. 1960లో పాల్ డ్యూవే బృందం కాలిఫోర్నియాలో బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి లోహంతోనే గాజు చేసింది. దాని గుండా వెలుతురు వెళ్ళదు, అయినా అది గాజే. జర్మనీలో 1933లో ‘ప్లెక్సిగ్లాస్’ అని వ్యాపారనామం పెట్టిన ప్లాస్టిక్ కూడా ఈ లెక్కన అచ్చమైన గాజు, 105 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడే గాజు. నేటి కళ్ళద్దాల్లో వాడే పాలికార్బనేట్ కూడా అంతే కనుక, ఇంగ్లీషువారి ‘గ్లాసులు’ ఇసుకను వదిలేసినా పేరును తప్పలేదు. అయస్కాంత కణాలు దిక్కు తోచక స్తంభించిన కొన్ని మిశ్రమలోహాలను ‘స్పిన్ గ్లాస్’ అన్నారు. వాటి సిద్ధాంతంలో చేసిన కృషికి కూడా కలిపి జార్జో పరీసీకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మెరుపుతో పుట్టిన మాట ఇక్కడ మెరుపుతో పనిలేని చోటికి చేరింది. గాజు పరివర్తనకు మాత్రం సంపూర్ణమైన సిద్ధాంతం ఇంకా లేదు. ఘనపదార్థ శాస్త్రంలో పరిష్కారం కాని అత్యంత లోతైన సమస్య బహుశా ఇదేనని భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1995లో రాశాడు.

ఆ సమస్యలో ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. పరివర్తన ఉష్ణోగ్రతకు దిగువన, ఇంకా ఇంకా చల్లబడుతూ పోతే, లోపలి కదలికలు ఒకచోట పూర్తిగా ఆగిపోతాయా, లేక నెమ్మదిస్తూనే కొనసాగుతాయా? దీన్ని నేరుగా తేల్చాలంటే ఎంతో కాలం కదలకుండా సర్దుకుంటూ వచ్చిన గాజు కావాలి; ప్రయోగశాలలో మనిషి అంత కాలం వేచి ఉండలేడు. అందుకని 2013లో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు, 2 కోట్ల సంవత్సరాలుగా సర్దుకుంటూ వచ్చిన గాజును ఒకదాన్ని తీసుకుని పరీక్షించారు. కదలికలు ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద పూర్తిగా స్తంభించిపోతాయన్న అంచనాను అది సమర్థించలేదు. ఆ గాజు డొమినికన్ రిపబ్లిక్ నేలలో దొరికినది, తేనె రంగులో ఉన్నది, ఏ కొలిమీ చూడనిది. ఏస్తీ జనం సముద్రపు ఒడ్డున ఏరుకుంటూ ‘గ్లేసమ్’ అని పిలిచిన ఆంబర్ అది.